వెటకారం తెలియని చావడి

ముత్యాలరావు గడ్డం పెరిగిన సంగతి కొవ్వూరు గట్టు వీధిలో అందరికంటే ఆఖర్న గమనించిన మనిషి ఆయన మేనకోడలు హైమవతి. అదీ ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ ఎదురెదురుగా కూర్చుని తింటూ! ఆవిడ ఆర్కిటెక్టు. ఇద్దరు మనుషులు ఎంత దూరంలో కూర్చుంటే మాట కలుస్తుందో అంగుళాల లెక్కన చెప్పగలదు. మూడడుగుల దూరంలో ఉన్న మేనమామ మొహం మాత్రం మూడు వారాలుగా చూడలేదు.

"ఏంటి మావయ్యా ఆ గెడ్డం?" అంది ఆ పొద్దున్న ఇడ్లీ వడ్డిస్తూ.

"పెరిగింది" అన్నాడాయన.

అంతే. ఒక్క ముక్క. హైమవతి చెయ్యి ఇడ్లీ పాత్ర మీదే ఆగిపోయింది. నలభై ఏళ్ళు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు ముత్యాలరావు. ఇడ్లీ ఎలా ఉందని అడిగితే "గట్టుకి అడ్డంగా నాలుగు పేర్చు, వరదొచ్చినా బెంగుండదు" అనే రకం. ఈ జిల్లాలో ప్రేమకీ, కోపానికీ, పరామర్శకీ అన్నిటికీ ఒకటే భాష, వెటకారం. ఎవరైనా మర్యాదగా, ముక్తసరిగా మాట్లాడారంటే వాళ్ళకి లోపల ఏదో విరిగిందన్నమాట.

"గవర్రాజు మావయ్య పోయాడనా?" అని మెల్లగా అడిగింది.

గవర్రాజు ఆయనకి మూడో తరగతి నుంచీ స్నేహితుడు. రేవు పక్కన సెలూన్ నడిపిన మంగలి. ఆషాఢంలో గుండె జబ్బుతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయాడు. ముత్యాలరావు చూడ్డానికి వెళ్ళలేదు. శవం లేచినప్పుడు గట్టు మీద దూరంగా నిలబడి, అటునుంచి అటే ఇంటికొచ్చేశాడు.

"ఆడికీ నాకూ మాటల్లేవు" అన్నాడు ముత్యాలరావు. "నాలుగు నెల్లు. నువ్వు కట్టిన చావట్లోనే. నన్ను చూడగానే జరిగిపోయేవోడు. పేపర్లోంచి తలెత్తేతలికి అవతలకి జరిగిపోతా ఉండేవోడు. ఆసుపత్రిలో ఉన్నాడని కబురొచ్చింది. మొగం చాటేసినోడి దగ్గరికి నేనెందుకెళ్ళాలని ఊరుకున్నాను." కంచం పక్కకి నెట్టాడు. "నా తప్పేంటో చెప్పకుండా పోయాడే అమ్మడూ. అదే తేలట్లేదు నాకు."

జరిగిపోయేవాడట. లేచిపోయేవాడు అనలేదు, వెళ్ళిపోయేవాడు అనలేదు. ఆ ఒక్క మాట హైమవతి చెవిలో ఉండిపోయింది. ఆ చావడిలో ఏవి జరుగుతాయో ఈ ఊళ్ళో తెలిసిన మనిషి తనొక్కతే.

*

రేవులో లాంచీలు తిరిగిన రోజుల్లో హైమవతికి ఎనిమిదేళ్ళు. బడి వదలగానే పుస్తకాల సంచీతో గవర్రాజు సెలూన్ ముందు బెంచీ మీద కూర్చునేది, మావయ్య లాంచీ కట్టి వచ్చేదాకా. నలుగురు పట్టే బెంచీ మీద ఆరుగురు కూర్చునేవారు. ఒక కాలు పొట్టిదైతే కింద ఇటిక ముక్క పెట్టారు. అక్కడ ఒకే పేపరు ఆరు ముక్కలయ్యేది. మొదటి పేజీ ఒకరి దగ్గరుంటే దాని తరవాయి ఇంకొకరి దగ్గర. కాబట్టి మంత్రిగారి రాజీనామా సంగతి పూర్తిగా తెలియాలంటే పక్కవాడితో మాట్లాడక తప్పేది కాదు. పటికా, కొబ్బరినూనే, పౌడరూ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా పటిక కనబడితే హైమవతి చేతిలోకి తీసుకుని వాసన చూస్తుంది. పటికకి వాసనుండదని ఆవిడకీ తెలుసు.

భుజాన మోకు వేసుకుని మావయ్య రావడం దూరంనుంచే కనిపించేది. మోకంటే లాంచీని గట్టుకి కట్టే లావుపాటి తాడు.

"రావయ్యా సరంగూ! ఈ పూట లాంచీ రేవులోనే ఆపావా, ఇసక తిప్ప మీదికెక్కించావా?" అనేవాడు గవర్రాజు, కత్తి నూరుతూ.

"తిప్పెక్కినా దిగొచ్చు గానీ నీ కుర్చీ ఎక్కితే దిగేటప్పుడు చెవులు లెక్కెట్టుకోవాలి."

"నీ గెడ్డానికి నా కత్తెందుకురా, కొబ్బరికాయలొలిచే గునపం చాలు."

"నువ్వు గీసిన మొగం చూసి మా ఆవిడ నిన్న తలుపు తియ్యలేదు. ఎవరు కావాలండీ అంది!"

బెంచీ మీద ఆరుగురూ పొట్టలు పట్టుకునేవారు. మొదట్లో చిన్న హైమవతికి భయం వేసేది, కొట్టుకుంటారేమోనని. కత్తి గొంతు మీద ఉండగా కత్తి పట్టుకున్నవాణ్ణి తిట్టే మనిషి ఊరు మొత్తానికి మావయ్య ఒక్కడే. ఆ కత్తి ఏనాడూ వణకలేదు. కొంచెం పెద్దయ్యాక అర్థమైంది, వాళ్ళిద్దరికీ రోజంతటిలో అంతకంటే హాయైన వేళ లేదని. ఎంత సుఖంగా ఉండేవి ఆ సాయంకాలాలు!

తరవాత వంతెనలు పెరిగి లాంచీలు ఆగిపోయాయి. గట్టు రోడ్డు వెడల్పు చేసినప్పుడు సెలూన్ పోయింది. ఆపైన ఇంటింటికీ నిలువుతెరలొచ్చాయి. గోడంత తెర. తునిలో ఉన్న చెల్లెలు మన హాల్లో కుర్చీ వేసుక్కూర్చున్నట్టే నిలువెత్తున కనిపిస్తుంది. ఇక గడప దాటే పనేముంది? అయిదేళ్ళు తిరిగేసరికి కొవ్వూరులో సాయంత్రంపూట వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు.

ఆ తెర మీద గవర్రాజూ ముత్యాలరావూ రెండు నెలలు ప్రయత్నించి మానేశారు. "మాట అటెళ్ళి ఇటొచ్చేతలికి అరక్షణం పడతంది" అన్నాడు ముత్యాలరావు. "అరక్షణం ఆగితే ఎకసెక్కెం చల్లారిపోద్దే. చల్లారిన బజ్జీ ఎవడు తింటాడు?"

ఆ మాట పట్టుకునే హైమవతి చావడి మొదలుపెట్టింది.

*

చావడి పాత లాంచీల రేవులోనే కట్టారు. ఎత్తయిన పెంకుల కప్పు, గోదావరి గాలి, నల్లరాతి బెంచీలు, మధ్యమధ్య కుండీల్లో క్రోటన్ మొక్కలు. డబ్బు ఒక సంస్థది, బుర్ర హైమవతిది, యంత్రం హైదరాబాదు ప్రయోగశాలలో నౌషాద్ తయారుచేసింది.

కిటుకంతా బెంచీల్లోనే ఉంది. మనిషి కూర్చోగానే రాయి అతని గుండె వేగం, ఊపిరి, గొంతు హెచ్చుతగ్గులు పట్టుకుంటుంది. మాటలు వినదు. ఎవరి రహస్యాలు వాళ్ళవే. ఏ ఇద్దరు దగ్గరుంటే గుండెలు నెమ్మదిస్తాయో వాళ్ళ బెంచీలు దగ్గరికి జరుగుతాయి. ఏ ఇద్దరి మధ్య గొడవ రేగేలా ఉందో వాళ్ళవి దూరం జరుగుతాయి. నిమిషానికి బెత్తెడు. నేలలో సన్నటి గాడులున్నాయి, కుండీలు కూడా వాటితోపాటే కదులుతాయి కాబట్టి కూర్చున్నవాళ్ళకి తెలియదు. పైగా యంత్రం చెప్పగానే గొడవపడేవాళ్ళ మధ్య మాటని ఆ ఎత్తయిన కప్పు మింగేస్తుంది.

ఇవి కదులుతాయని జనానికి చెబుదామన్నాడు నౌషాద్. హైమవతే వద్దంది. "చెబితే బెంచీల్నే చూస్తూ కూర్చుంటారు. మొహాలు చూసుకోరు."

ప్రారంభం రోజున ముత్యాలరావునీ గవర్రాజునీ ఒకరి తరవాత ఒకరిని తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఎదురెదురుగా కూర్చోబెట్టింది. లోపలికి అడుగుపెట్టినవాళ్ళలో ముత్యాలరావు మూడో మనిషి, గవర్రాజు ఏడో మనిషి. ఆ ఇద్దరి కోసమే కట్టింది మరి. పది నిమిషాలు చూసి, కళ్ళు తుడుచుకుని, పెద్దలతో ఫొటోలు దిగడానికి వెళ్ళిపోయింది.

చావడి బ్రహ్మాండంగా నడిచింది. రోజుకి రెండొందల మంది. 'హాయి సూచిక' అని ఒక అంకె పెట్టుకున్నారు, అది తొంభై ఒకటి దాటింది. ఇంకో పద్దెనిమిది ఊళ్ళలో ఇలాంటివే కట్టడానికి సంస్థ ఒప్పుకుంది. అప్పుడప్పుడు చావడిలోకి వచ్చినప్పుడు హైమవతికి ఏదో వెలితిగా తోచేది. జనం ఉన్నారు, మాటలున్నాయి, చిరునవ్వులున్నాయి. పళ్ళ డాక్టరు గది బయట కూర్చున్నట్టు అందరూ మెత్తమెత్తగా మాట్లాడుకుంటున్నారు. తొంభై ఒకటి కదా అని సరిపెట్టుకునేది.

*

చావడి వెనక యంత్రాల గది ఉంది. ఇడ్లీల దగ్గర్నుంచి లేచి హైమవతి తిన్నగా అక్కడికే వెళ్ళింది. తెర మీద నౌషాద్ చాయ్ తాగుతూ కనిపించాడు.

"మూడో నంబరు, ఏడో నంబరు. మొదటి రోజు నుంచీ వాళ్ళ రికార్డు కావాలి" అంది. చావడిలో పేర్లుండవు. బరువూ నడకా చూసి యంత్రం మనిషికో నంబరిస్తుంది.

"అరే, ఆ జంటా!" అని నవ్వాడు నౌషాద్. "ఆఫీసులో వాళ్ళు చాలా ఫేమస్ మేడమ్. ఊరు మొత్తంలో నంబర్ వన్ దుష్మన్లు. మొన్న బోర్డు మీటింగులో మన సక్సెస్ అని వాళ్ళనే చూపించాం. మొదటి రోజు చూడండి, గుండె వేగం నూట పది. గొంతులు పైకి. ఒకరి మాట పూర్తికాకుండా ఇంకొకరు అడ్డం. చేతులెత్తే దాకా వచ్చి ఉంటారు. నాలుగు నెలల తర్వాత ఇద్దరిదీ డెబ్బై రెండు. పూర్తి ప్రశాంతం."

హైమవతి ఆ ఎర్రగీత వంక చూసింది. నూట పది దగ్గర ఎగిసెగిసి పడుతోంది. గునపం, చెవులు, ఇసక తిప్ప, అన్నీ ఆ గీతలోనే ఉన్నాయి.

"ఇలాంటి గీత గొడవ అని యంత్రానికి ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"మీరే కదా మేడమ్. నలభై నమూనాలు మీరే చూసి గుర్తులు పెట్టారు. ఇది ఇరవై ఏడో నమూనా లాంటిదే." నౌషాద్ ఆ పాత కాగితం తెర మీదికి తెచ్చాడు. గీత పక్కన హైమవతి చేతిరాత, 'తీవ్రమైన గొడవ, వెంటనే విడదీయాలి.'

"ఈ నమూనా ఎక్కడిది?"

నౌషాద్ వెతికాడు. "కొవ్వూరు. గట్టు మీద టీ కొట్టు."

హైమవతి కుర్చీలో వెనక్కి వాలింది. ఏసీ గదిలో కూర్చుని, మాటలు తీసేసిన గీతలు చూసి, సొంత ఊరి ముచ్చట మీద గొడవ అని రాసింది. హైదరాబాదువాడైన నౌషాద్‌కి వెటకారం తెలియకపోతే తప్పులేదు. తనకేం రోగం? ఆ బెంచీ మీద కూర్చుని పెరిగిన పిల్ల కదా! సభల్లో ఎక్కడ మాట్లాడినా ఆ బెంచీ కథతోనే మొదలుపెడుతుంది కదా!

"ఏడో నంబరాయన మూడు వారాలుగా రావట్లేదు" అన్నాడు నౌషాద్. "ఊరెళ్ళారేమో."

"పోయారు నౌషాద్."

అతను చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఆయన గురించి ఇంకొకటి ఉంది మేడమ్. అస్థిమితం అని రాసుకుంది సిస్టమ్. ఒకచోట కుదురుగా ఉండేవారు కాదు. లేచి బెంచీ మారేవారు. మొత్తం అరవై ఒక్క సార్లు" అన్నాడు.

"ఎటు మారేవారు?"

నౌషాద్ చావడి పటం పెట్టాడు. అరవై ఒక్క చుక్కలు. ఒక్కటీ పక్కకి పోలేదు, అన్నీ మూడో నంబరు బెంచీ ఎదురుగానే పడ్డాయి. బెంచీ ఆయన్ని అవతలి గోడ దాకా మోసుకుపోతే, లేచి, నడిచొచ్చి, మళ్ళీ స్నేహితుడి ఎదుట కూర్చున్నాడు. అది మళ్ళీ మోసుకుపోయింది.

"గుండె వేగం ఎప్పుడు పెరిగేది? మాటన్నాకా, అనకముందా?"

"ముందే మేడమ్. కూర్చోగానే. నోరు తెరవకముందే."

హైమవతికి తెలుసు అదేమిటో. మంచి ఎకసెక్కెం నాలుక చివరికొచ్చినప్పుడు గవర్రాజు బుగ్గలు ఉబ్బేవి, కళ్ళు చిన్నవయ్యేవి, కత్తి ఒక్క క్షణం గాల్లో ఆగేది. ఆ సంబరాన్ని రాయి కోపమనుకుంది. అన్న మాటని కప్పు మింగేసింది. ముత్యాలరావుకి వినబడలేదు, బదులివ్వలేదు. ఆయన తలెత్తేసరికి స్నేహితుడు జరిగిపోతూ కనబడ్డాడు. అటు గవర్రాజుకి, ఎన్నిసార్లు పలకరించినా పలకని ముత్యాలు కనబడ్డాడు. పౌరుషం గల మనుషులు, ఒకర్నొకరు నిలదీయనూ లేదు. ఆ గదిలో హైమవతి వెక్కివెక్కి ఏడ్చింది. 

*

మధ్యాహ్నం చావడి ఖాళీగా ఉన్న వేళ మావయ్యని తీసుకొచ్చింది. ఆయన్ని ఎప్పటి బెంచీ మీదే కూర్చోబెట్టి, ఎదురు బెంచీ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, తను దాని మీద కూర్చుంది.

"ఏంటే ఈ తొక్కుడుబిళ్ళ?" అన్నాడాయన నీరసంగా.

"పది నిమిషాలు నాతో ఉండు మావయ్యా. ఏమీ మాట్లాడొద్దు."

హైమవతి గుండె ఎలాగూ దడదడలాడుతోంది. చేసిన పని చెప్పాలి, చెబితే ఈ మనిషి మళ్ళీ తన మొహం చూస్తాడో లేదో తెలియదు. యంత్రానికి అంతకంటే ఏం కావాలి? గోదావరి మీంచి గాలి వస్తోంది. పది నిమిషాలయ్యాక లేచి నేలకేసి చూపించింది. సుద్దగీత ఎక్కడుందో అక్కడే ఉంది. బెంచీ మూరన్నర వెనక్కి పోయింది.

ముత్యాలరావు గీతనీ బెంచీనీ మార్చి మార్చి చూశాడు. లేచి వచ్చి గాడిలో వేలు పెట్టి తడిమాడు. ఆవిడ అంతా చెప్పేసింది. ఇరవై ఏడో నమూనా సంగతి కూడా దాచలేదు. "ఆయన జరగలేదు మావయ్యా. నేను జరిపాను" అంది.

ఆయన రేవు వంక తిరిగాడు.

"రేవులో పక్క లాంచీ కదిల్తే మనదే కదిలినట్టుంటది" అన్నాడు. "కొత్త సరంగులు కంగారుపడి ఇంజను కొడతారు. ఒడ్డు చూసుకోండ్రా ముందు, ఒడ్డు చూస్తే ఏది కదిలిందో తెలుస్తదని ఎంతమందికి నేర్పానో. నలభై ఏళ్ళే అమ్మడూ. నేను ఒడ్డు చూసుకోలేదు. పేపరు చూసుకున్నాను."

"తప్పు నాది మావయ్యా."

"నీదే. నాది కూడా." చేత్తో గడ్డం రుద్దుకున్నాడు. "ఎన్నిసార్లొచ్చాడన్నావ్?"

"అరవై ఒక్క సార్లు."

"అరవై ఒకటి."  కళ్ళనీళ్ళు గడ్డంలోకి దిగాయి. "ఎదవ. అరవై రెండోసారి కూడా వస్తే ఆడి సొమ్మేం పోయింది?"

మూడు వారాల్లో అది ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి వెటకారం. ఆ మాట గవర్రాజుకి చేరినా చేరకపోయినా, హైమవతికి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి కండువాతో మొహం తుడుచుకుని ఇంటికెళ్ళాడు. అటక మీంచి పాత మోకు దింపి భుజాన వేసుకొచ్చాడు. రెండు బెంచీల్నీ దగ్గరికి లాగి, మోకాళ్ళు తగిలేంత దగ్గరికి, కాళ్ళకి కాళ్ళు కలిపి సరంగు ముడి వేశాడు. నేల కింద మోటారు మూలిగింది. మోకు బిగిసింది. మోటారు ఇంకోసారి మూలిగి ఊరుకుంది.

"గోదారినే ఆపిన తాడు ఇది" అన్నాడు బెంచీతో. "చదువుకున్న బల్లవంట కదా. ఇప్పుడు నడువ్, చూద్దాం!"

ఆ సాయంత్రమే హైమవతి సంస్థకి ఉత్తరం రాసింది. జరిగింది జరిగినట్టు రాసి, మిగతా ఊళ్ళలో పని ఆపమంది. ఆలోచిస్తామన్నారు వాళ్ళు. ఆ తరవాత గవర్రాజు కూతురు సత్యవేణి ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, ఆ పిల్లకీ చెప్పింది. సత్యవేణి లేచింది. లోపలికెళ్ళి ఒక రేకు పెట్టె తెచ్చి, దాని మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

*

ఆదివారం పొద్దున్న కట్టేసిన బెంచీల మీద ముత్యాలరావు మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా సత్యవేణి, ఒళ్ళో వాళ్ళ నాన్న రేకు పెట్టె. బ్యూటీ పార్లరు నడిపే పిల్ల, తండ్రి చెయ్యే వచ్చింది. నురగ పట్టించి కత్తి తెరిచింది.

"ఏం బాబాయ్, మా నాన్నుండగా దారి తెలీలేదు గానీ, గెడ్డం దురదెట్టేతలికి గుర్తొచ్చామా?"

ముత్యాలరావు కళ్ళు మూసుకున్నాడు. తగలాల్సిన చోటే తగిలింది. ఆ పిల్ల గొంతులో కోపం ఉంది, అది నిజం కోపమే. దాని అడుగున ఇంకోటి కూడా ఉంది కాబట్టే పెట్టె పట్టుకుని ఇంత దూరం వచ్చింది.

"గుర్తు రాక కాదే తల్లీ" అన్నాడు మెల్లగా. తరవాత ఒక కన్ను తెరిచి చూశాడు. "మీ నాన్న కోసేసిన చెవి ఇప్పుడిప్పుడే మొలుస్తంది. రెండోది నీకిద్దామని ఆగాను."

సత్యవేణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కదలకు బాబాయ్, ఇది గెడ్డమా, గోదారి లంకా? దారి తెలిసినోళ్ళెవరన్నా ఉంటే ముందు నడవండయ్యా!"

చుట్టుపక్కల బెంచీలవాళ్ళు తిరిగి చూశారు. ఒకాయన లేచి దగ్గరికొచ్చాడు. ఇంకొకాయన కుండీ పక్కకి లాగేసి, "మా ఇంట్లో కత్తిపీటుంది, తెమ్మంటారా?" అన్నాడు. ఎవరో పగలబడి నవ్వారు. నలుగురు పట్టే చోట ఎనిమిదిమంది ఇరుక్కున్నారు. గోడ మీద చిన్న దీపం పచ్చనుంచి ఎరుపుకి తిరిగింది. నేల కింద మోటార్లన్నీ ఒక్కసారి మూలిగాయి.

హైమవతి ఫోను మోగింది. నౌషాద్.

"మేడమ్, కొవ్వూరులో పెద్ద గొడవ జరుగుతోంది! సూచిక తొంభై ఒకటి నుంచి పన్నెండుకి పడిపోయింది. ఎవరినైనా పంపించనా?"

హైమవతి ఫోను చెవికి ఆనించి నవ్వింది. బెంచీ చివర, ఎనిమిదేళ్ళప్పుడు కూర్చున్నట్టే, ఒదిగి కూర్చుని ఉంది.

"ఎవరే ఫోనులో?" అని కేకేశాడు ముత్యాలరావు, మొహం నిండా నురగతో.

"హైదరాబాదు నుంచి మావయ్యా. ఇక్కడ పెద్ద గొడవ జరుగుతోందంట."

"ఇంకా మొదలెట్టలేదని చెప్పు!"